వి.వి.గిరి

వరాహగిరి వేంకటగిరి (ఆగష్టు 10, 1894 - జూన్ 24, 1980) భారతదేశ నాలుగవ రాష్ట్రపతి, కార్మిక నాయకుడు, స్వాతంత్ర్య సమర యోధుడు. వి.వి.గిరిగా సుప్రసిద్ధుడు. ఉప రాష్ట్రపతిగా, తాత్కాలిక రాష్ట్రపతిగా, ఆ తరువాత పూర్తికాలపు రాష్ట్రపతిగా పనిచేశాడు. స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేసి రాష్ట్రపతి పదవికి ఎన్నికైన వ్యక్తి ఈయన ఒక్కడే. ఆ ఎన్నిక చెల్లదంటూ దాఖలైన పిటిషన్ల విచారణలో, పదవిలో ఉండగానే సుప్రీం కోర్టుకు స్వయంగా హాజరై సాక్ష్యం చెప్పిన తొలి రాష్ట్రపతి కూడా ఈయనే. 1975లో భారతరత్న పురస్కారం లభించింది.

బాల్యం, విద్య

గిరి అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా బరంపురంలో తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. ఈ పట్టణం ఇప్పుడు ఒడిషా రాష్ట్రంలో ఉంది. తండ్రి వరాహగిరి వెంకట జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది, జాతీయవాది. తల్లి సుభద్రమ్మ. బరంపురంలోని ఖల్లికోట కళాశాలలో చదివిన తరువాత, 1913లో న్యాయశాస్త్రం అభ్యసించడానికి ఐర్లండు రాజధాని డబ్లిన్ వెళ్ళాడు.

అప్పటి ఐర్లండు బ్రిటిషు పాలనకు వ్యతిరేకంగా రగులుతూ ఉన్నది. ఆ ఉద్యమంతోనూ, అక్కడి కార్మిక ఉద్యమంతోనూ గిరికి పరిచయం కలిగింది. దక్షిణ ఆఫ్రికాలో భారతీయులు పడుతున్న బాధల గురించి తోటి భారతీయ విద్యార్థులతో కలిసి ఒక కరపత్రం వెలువరించాడు. దానితో బ్రిటిషు నిఘా విభాగం దృష్టి వీరిపై పడింది. 1916లో ఈస్టర్ తిరుగుబాటు అణచివేత తరువాత దేశం విడిచి వెళ్ళవలసిందిగా ఉత్తర్వు అందడంతో స్వదేశానికి తిరిగివచ్చాడు. బరంపురంలో న్యాయవాద వృత్తి ప్రారంభించాడు. ఈయన భార్య సరస్వతీబాయి. వీరికి 14 మంది సంతానం.

కార్మికోద్యమం

గాంధీ పిలుపునందుకొని 1920లో సహాయ నిరాకరణోద్యమంలో ప్రవేశించిన గిరి, లాభదాయకమైన న్యాయవాద వృత్తిని వదులుకున్నాడు. కల్లు, సారా దుకాణాల ముందు పికెటింగు చేసినందుకు 1922లో జైలుకు వెళ్ళాడు. తరువాత రైల్వే కార్మికులను సంఘటితం చేయడంపై దృష్టి సారించాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నిర్మించాడు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకులలో ఒకడు. ఉద్యోగుల తొలగింపునకు వ్యతిరేకంగా ఖరగ్‌పూర్ కేంద్రంగా జరిగిన రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించాడు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు రెండు పర్యాయాలు అధ్యక్షుడయ్యాడు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశానికి, 1931లో లండన్‌లో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా హాజరయ్యాడు.

యజమానులు, కార్మికులు తమ వివాదాలను ముందుగా ముఖాముఖి చర్చలతో పరిష్కరించుకోవాలనీ, ప్రభుత్వం నిర్బంధంగా న్యాయనిర్ణయానికి పంపడం చివరి మార్గం కావాలనీ గిరి అభిప్రాయం. కార్మిక సంబంధాల శాస్త్రంలో ఇది గిరి విధానం అనే పేరుతో నిలిచిపోయింది.

మంత్రి పదవులు

1934లో కేంద్ర శాసనసభ సభ్యుడయ్యాడు. 1937 ఎన్నికలలో జస్టిస్ పార్టీ అధినేత బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఓడించి సంచలనం సృష్టించాడు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖల మంత్రిగా పనిచేశాడు. క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో మళ్ళీ జైలు జీవితం గడిపాడు. 1946లో ప్రకాశం మంత్రివర్గంలో చేరాడు. 1947 నుండి 1951 వరకు సిలోనులో భారత హై కమిషనరుగా ఉన్నాడు.

1952లో పాతపట్నం నియోజకవర్గం నుండి మొదటి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక శాఖ మంత్రి అయ్యాడు. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై కార్మిక అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించడంతో, దానికి బాధ్యుడిగా కొనసాగడం ఇష్టం లేక 1954 ఆగష్టులో రాజీనామా చేశాడు. ఆ వివాద పరిశీలన చివరకు జస్టిస్ పి.బి.గజేంద్రగడ్కర్ కమిషనుకు చేరింది.

పార్వతీపురం ఎన్నికల పిటిషను

గిరి పదవీ అర్హతకు సంబంధించిన వివాదంలో ప్రతివాదిగా నిలబడడానికి పన్నెండేళ్ళ ముందు, అటువంటి వివాదంలోనే వాదిగా కోర్టుకెక్కాడు. 1957 లోక్‌సభ ఎన్నికలలో ఈయన పార్వతీపురం నుండి పోటీ చేశాడు. అది ద్విసభ్య నియోజకవర్గం. ఒక స్థానం షెడ్యూల్డు తెగలకు కేటాయించినది, రెండవది జనరల్ స్థానం. ప్రతి ఓటరుకు రెండు ఓట్లు ఉండేవి. షెడ్యూల్డు తెగల అభ్యర్థులలో అత్యధిక ఓట్లు వచ్చిన వ్యక్తిని రిజర్వుడు స్థానానికి ఎన్నికైనట్లు ముందుగా ప్రకటించి, మిగిలిన అభ్యర్థులందరిలో ఎక్కువ ఓట్లు పొందినవారిని జనరల్ స్థానానికి ప్రకటించేవారు. ఈ లెక్కలో షెడ్యూల్డు తెగ అభ్యర్థిగా నామినేషను వేసిన డిప్పల సూరిదొర జనరల్ స్థానానికి ఎన్నికయ్యాడు. గిరి కొద్ది వందల ఓట్ల తేడాతో ఓడిపోయాడు.

రిజర్వుడు స్థానం కోసం నామినేషను వేసిన వ్యక్తి జనరల్ స్థానానికి ఎన్నిక కారాదనీ, సూరిదొర కుటుంబం ఆచార వ్యవహారాలలో క్షత్రియులుగా మారిపోయింది గనుక ఆయనను తెగ సభ్యుడిగా పరిగణించరాదనీ గిరి వాదించాడు. వివాదం ఎన్నికల ట్రిబ్యునల్, ఆంధ్ర ప్రదేశ్ హైకోర్టుల మీదుగా సుప్రీం కోర్టుకు చేరింది. 1959లో తీర్పు గిరికి వ్యతిరేకంగా వచ్చింది. దానిని వ్రాసినది బ్యాంకు అవార్డు కమిషనుకు అధ్యక్షత వహించిన గజేంద్రగడ్కరే. షెడ్యూల్డు తెగల వారికి రిజర్వేషను అదనపు రక్షణే గాని జనరల్ స్థానానికి ఆటంకం కాదనీ, పుట్టుకతో వచ్చిన తెగ సభ్యత్వం కేవలం ఆచారాల మార్పుతో పోదనీ కోర్టు తేల్చింది. ద్విసభ్య నియోజకవర్గాల పద్ధతిని 1961లో చట్టం ద్వారా రద్దు చేశారు. ఈ కేసు ఇప్పటికీ కుల, తెగ నిర్ధారణ వివాదాలలో ప్రస్తావనకు వస్తూ ఉంటుంది.

గవర్నరుగా, ఉప రాష్ట్రపతిగా

ఈ పిటిషను నడుస్తూ ఉండగానే 1957 జూన్‌లో గిరి ఉత్తర ప్రదేశ్ గవర్నరుగా నియమితుడయ్యాడు. తరువాత కేరళ (1960-65), మైసూరు (1965-67) రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేశాడు. 1967 మే 13న ఉప రాష్ట్రపతిగా బాధ్యతలు స్వీకరించాడు.

1969 రాష్ట్రపతి ఎన్నిక

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుసేన్ పదవిలో ఉండగానే మరణించాడు. ఉప రాష్ట్రపతిగా ఉన్న గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యాడు. రాష్ట్రపతి, ఉప రాష్ట్రపతి పదవులు రెండూ ఖాళీ అయితే ఎవరు బాధ్యతలు నిర్వహించాలన్న విషయం రాజ్యాంగంలో స్పష్టంగా లేకపోవడంతో, ఆ సందర్భంలో సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి ఆ బాధ్యతలు చేపట్టేలా అదే సంవత్సరం పార్లమెంటు ఒక చట్టం చేసింది.

కాంగ్రెసు పార్టీ అప్పుడు రెండు వర్గాలుగా చీలిపోయే స్థితిలో ఉంది. బెంగుళూరులో సమావేశమైన పార్టీ పార్లమెంటరీ బోర్డు, ప్రధానమంత్రి ఇందిరా గాంధీ అభీష్టానికి భిన్నంగా లోక్‌సభ స్పీకరు నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిర్ణయించింది. గిరి స్వతంత్రంగా పోటీ చేస్తున్నట్లు ప్రకటించాడు. జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సుపై సంతకం చేసి, మరుసటి రోజు పదవికి రాజీనామా చేశాడు. కొత్త చట్టం ప్రకారం ప్రధాన న్యాయమూర్తి ఎం.హిదయతుల్లా తాత్కాలిక రాష్ట్రపతి అయ్యాడు. కాంగ్రెసు సభ్యులు అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయాలని ఇందిరా గాంధీ కోరింది.

ప్రధాన అభ్యర్థులు ఇద్దరూ తెలుగువారే. సంజీవరెడ్డి ఆంధ్ర ప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. 1964లో కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయకరణ కేసులో, రాజకీయ కక్షతో చర్య జరిగిందన్న ఆరోపణలను ఖండిస్తూ ముఖ్యమంత్రి అఫిడవిట్ దాఖలు చేయకపోవడాన్ని సుప్రీం కోర్టు ప్రస్తావించింది. పదవి నుండి తప్పుకోవాలని కోర్టు ఆదేశించకపోయినా ఆయన ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశాడు.

పోలింగు ఆగష్టు 16న, లెక్కింపు 20న జరిగాయి. మొదటి ప్రాధాన్యత ఓట్లలో ఎవరికీ అవసరమైన ఆధిక్యత రాలేదు. భారత రాష్ట్రపతి ఎన్నికలలో రెండవ ప్రాధాన్యత ఓట్లను లెక్కించి విజేతను తేల్చవలసి రావడం ఇదే మొదటిసారి.

- వి.వి.గిరి: మొదటి ప్రాధాన్యత ఓట్ల విలువ 4,01,515; చివరి లెక్కింపులో 4,20,077
- నీలం సంజీవరెడ్డి: మొదటి ప్రాధాన్యత ఓట్ల విలువ 3,13,548, చివరి లెక్కింపులో 4,05,427
- సి.డి.దేశ్‌ముఖ్: మొదటి ప్రాధాన్యత ఓట్ల విలువ 1,12,769

గెలుపుకు అవసరమైన కోటా 4,18,169. గిరి ఆ కోటాను రెండు వేలకు కొంచెం తక్కువ తేడాతో దాటగలిగాడు. 1969 ఆగష్టు 24న రాష్ట్రపతిగా ప్రమాణ స్వీకారం చేశాడు. కొద్ది నెలలకే కాంగ్రెసు పార్టీ రెండుగా చీలిపోయింది.

సుప్రీం కోర్టులో సవాలు

రాష్ట్రపతి ఎన్నికకు సంబంధించిన వివాదాలను విచారించే అధికారం రాజ్యాంగంలోని 71వ అధికరణం ప్రకారం సుప్రీం కోర్టుకు ఉంది. గిరి ఎన్నికను రద్దు చేయాలని కోరుతూ నాలుగు పిటిషన్లు దాఖలయ్యాయి. పిటిషనర్లలో పార్లమెంటు సభ్యులు కూడా ఉన్నారు. కొన్ని నామినేషన్ల ఆమోదం, తిరస్కరణ సక్రమంగా జరగలేదన్నది ఒక అభ్యంతరం. అయితే దేశమంతటా చర్చనీయాంశమైనది రెండవ ఆరోపణ. సంజీవరెడ్డి వ్యక్తిగత శీలాన్ని దూషిస్తూ పేరు లేని ఒక కరపత్రం ఎన్నికకు ముందు పార్లమెంటు సభ్యులకు అందింది. పార్లమెంటు సెంట్రల్ హాలులో కూడా దానిని పంచారనీ, అది గిరి తరఫువారి పనే అనీ, ఇది ఓటర్లపై అనుచిత ప్రభావం అనే నేరం కిందికి వస్తుందనీ పిటిషనర్లు ఆరోపించారు.

1952 నాటి రాష్ట్రపతి, ఉప రాష్ట్రపతి ఎన్నికల చట్టం ప్రకారం ఈ ఆరోపణ నెగ్గాలంటే రెండు మార్గాలున్నాయి. మొదటిది, గెలిచిన అభ్యర్థి స్వయంగా గాని, అతని లోపాయికారీ సమ్మతితో ఇతరులు గాని ఆ తప్పు చేసినట్లు రుజువు చేయడం. రెండవది, సంబంధం లేనివారు చేసినప్పటికీ, దానివలన ఎన్నిక ఫలితం గణనీయంగా మారిపోయిందని రుజువు చేయడం. మొదటి దానిలో ప్రశ్న అభ్యర్థి నిజాయితీకి సంబంధించినది. రెండవ దానిలో అభ్యర్థి నిర్దోషి అయినప్పటికీ పదవి పోవచ్చును.

జస్టిస్ ఎస్.ఎం.సిక్రి అధ్యక్షతన జె.ఎం.షెలత్, వి.భార్గవ, జి.కె.మిట్టర్, సి.ఎ.వైద్యలింగం సభ్యులుగా ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ పిటిషన్లను విచారించింది. సాధారణంగా సుప్రీం కోర్టు అప్పీళ్ళలో సాక్షులను విచారించదు. ఈ కేసులో మాత్రం దిగువ కోర్టులాగా, పార్లమెంటు సభ్యులతో సహా అనేకమంది సాక్షులను ప్రవేశపెట్టి క్రాస్ ఎగ్జామినేషను చేశారు. ఒక పార్లమెంటు సభ్యుడు ఇచ్చిన సాక్ష్యాన్ని ఖండించడానికి, అంతకు ముందు ఆయన జరిపిన సంభాషణ టేపు రికార్డును పిటిషనర్లు ముందుకు తెచ్చారు. స్వరం గుర్తింపు, టేపును మార్చలేదన్న నమ్మకం వంటి జాగ్రత్తలతో దానిని సాక్ష్యంగా స్వీకరించవచ్చునని 1970 ఏప్రిల్‌లో ధర్మాసనం నిర్ణయించింది. ఈ ఉత్తర్వు తరువాతి కాలంలో టేపు రికార్డుల సాక్ష్యానికి ముఖ్యమైన ఆధారంగా నిలిచింది.

రాష్ట్రపతి తన అధికార విధుల నిర్వహణ విషయంలో ఏ కోర్టుకూ జవాబుదారీ కాడని 361వ అధికరణం చెబుతుంది. కాని ఎన్నిక చెల్లుబాటు విధి నిర్వహణ కిందికి రాదు. గిరి సాక్ష్యాన్ని కమిషనరు ద్వారా రాష్ట్రపతి భవన్‌లోనే నమోదు చేసే అవకాశం ఉన్నప్పటికీ, ఆయన కోర్టుకు రావడానికే నిశ్చయించుకున్నాడు. కోర్టు హాలులో ఆయన కోసం ప్రత్యేకంగా కుర్చీ ఏర్పాటు చేశారు. 75 సంవత్సరాల వయసులో, దేశాధినేత హోదాలో, ప్రతిపక్ష న్యాయవాదుల ప్రశ్నలకు సమాధానాలిచ్చాడు. కరపత్రంతో తనకు ఎటువంటి సంబంధం లేదని చెప్పాడు.

1970 మే నెలలో ధర్మాసనం పిటిషన్లను కొట్టివేసింది. కారణాలతో కూడిన వివరమైన తీర్పు సెప్టెంబరు 14న వెలువడింది. కరపత్రం పంపిణీలో గిరికి పాత్ర గాని, లోపాయికారీ సమ్మతి గాని ఉన్నట్లు రుజువు కాలేదనీ, ఎన్నిక ఫలితం దానివలన మారిపోయినట్లు కూడా తేలలేదనీ కోర్టు నిర్ణయించింది. ఒక అభ్యర్థి శీలంపై దాడి చేసే కరపత్రం ఏ పరిస్థితులలో ఓటరు స్వేచ్ఛకు అడ్డంకి అవుతుంది, ఎంతవరకు అది కేవలం ప్రచారం అనే ప్రశ్నను ఈ తీర్పు సుదీర్ఘంగా పరిశీలించింది.

రాష్ట్రపతిగా

గిరి పదవీకాలంలో మంత్రివర్గ సలహాలను పెద్దగా ప్రశ్నించకుండా ఆమోదించాడన్న విమర్శ ఉంది. సంస్థానాధీశుల గుర్తింపును రద్దు చేస్తూ 1970 సెప్టెంబరులో ఈయన సంతకంతో వెలువడిన ఉత్తర్వును డిసెంబరులో సుప్రీం కోర్టు కొట్టివేసింది.

1973 ఏప్రిల్‌లో ప్రధాన న్యాయమూర్తి సిక్రి పదవీ విరమణ చేసినప్పుడు, సీనియర్లయిన షెలత్, హెగ్డే, గ్రోవర్‌లను కాదని ఎ.ఎన్.రేను ప్రధాన న్యాయమూర్తిగా నియమించారు. మూడేళ్ళ క్రితం గిరి ఎన్నికపై తీర్పు చెప్పిన ధర్మాసనంలో షెలత్ ఒకడు. ముగ్గురు న్యాయమూర్తులూ రాజీనామా చేశారు. రే ఏ అధికారంతో ఆ పదవిలో ఉన్నారో తేల్చాలని కోరుతూ ఢిల్లీ హైకోర్టులో కో వారంటో పిటిషను దాఖలైంది. సీనియర్లు ముగ్గురూ రాజీనామా చేసినందువలన మిగిలినవారిలో రేయే సీనియరు అవుతారు గనుక, రిట్ జారీ చేసినా ప్రయోజనం ఉండదంటూ హైకోర్టు దానిని కొట్టివేసింది.

1973 జనవరిలో ప్రత్యేకాంధ్ర ఉద్యమం నేపథ్యంలో పి.వి.నరసింహారావు మంత్రివర్గం వైదొలగగా ఆంధ్ర ప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన విధించారు. అంతకు కొద్ది నెలల ముందు, తెలంగాణ ప్రాంతపు ఉద్యోగ నియామకాలలో స్థానికులకు అవకాశమిచ్చే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. ఉభయ ప్రాంతాలలోనూ ఉద్రిక్తతలకు కారణమైన ఈ సమస్యకు పరిష్కారంగా రూపొందిన 32వ రాజ్యాంగ సవరణ ద్వారా 371డి అధికరణం చేరింది. ఇది కూడా గిరి హయాంలోనే జరిగింది.

రైల్వే కార్మిక సంఘాలను నిర్మించిన గిరి రాష్ట్రపతిగా ఉండగానే 1974 మేలో దేశవ్యాప్త రైల్వే సమ్మె జరిగింది. ప్రభుత్వం దానిని కఠినంగా అణచివేసింది. పదవీకాలం ముగింపులో, గుజరాత్ శాసనసభ రద్దయి ఉన్నందున రాష్ట్రపతి ఎన్నిక జరపవచ్చునా అన్న ప్రశ్నపై గిరి సుప్రీం కోర్టు సలహా కోరాడు. గడువులోగా ఎన్నిక జరగవలసిందేనని కోర్టు అభిప్రాయపడింది. 1974 ఆగష్టు 24న ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌కు బాధ్యతలు అప్పగించి పదవీ విరమణ చేశాడు.

చట్టంలో మార్పులు

1969 ఎన్నికలో 15 మంది బరిలో ఉండడం, తరువాత పిటిషన్లు రావడం వంటి అనుభవాల దృష్ట్యా 1974లో రాష్ట్రపతి ఎన్నికల చట్టాన్ని సవరించారు. నామినేషనుకు 10 మంది ప్రతిపాదకులు, 10 మంది సమర్థకులు ఉండాలనీ, 2,500 రూపాయలు ధరావతు చెల్లించాలనీ, ఎన్నికను సవాలు చేయాలంటే అభ్యర్థి గాని, కనీసం 20 మంది ఓటర్లు కలిసి గాని పిటిషను వేయాలనీ నిబంధనలు వచ్చాయి. 1997లో ప్రతిపాదకుల, సమర్థకుల సంఖ్యను 50 చొప్పునకు, ధరావతును 15,000 రూపాయలకు పెంచారు.

అత్యవసర పరిస్థితి కాలంలో 1975లో చేసిన 39వ రాజ్యాంగ సవరణ ఇటువంటి వివాదాలను కోర్టుల పరిధి నుండి తప్పించింది. 1978 నాటి 44వ సవరణ ఆ అధికారాన్ని తిరిగి సుప్రీం కోర్టుకు అప్పగించింది. 2012లో ప్రణబ్ ముఖర్జీ ఎన్నికపై పి.ఎ.సంగ్మా వేసిన పిటిషను కూడా ఈ అధికరణం కిందనే విచారణకు వచ్చి, ప్రాథమిక దశలోనే వీగిపోయింది.

చివరి రోజులు, స్మరణ

పదవీ విరమణ తరువాత గిరి మద్రాసులో నివసించాడు. 1969లో తనతో పోటీపడి ఓడిపోయిన సంజీవరెడ్డి 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి కావడాన్ని చూశాడు. సంజీవరెడ్డి పదవిలో ఉండగానే 1980 జూన్ 24న మద్రాసులో మరణించాడు. కార్మిక సమస్యలపై, పారిశ్రామిక సంబంధాలపై గ్రంథాలు, ఒక ఆత్మకథ ఆంగ్లంలో రచించాడు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఈయన పేరు పెట్టారు.

నిర్వహించిన ముఖ్య పదవులు

- 1937-39: మద్రాసు ప్రెసిడెన్సీ కార్మిక, పరిశ్రమల శాఖల మంత్రి
- 1947-51: సిలోనులో భారత హై కమిషనరు
- 1952-54: కేంద్ర కార్మిక శాఖ మంత్రి
- 1957-60: ఉత్తర ప్రదేశ్ గవర్నరు
- 1960-65: కేరళ గవర్నరు
- 1965-67: మైసూరు గవర్నరు
- 1967-69: ఉప రాష్ట్రపతి
- 1969 మే 3 - జూలై 20: తాత్కాలిక రాష్ట్రపతి
- 1969 ఆగష్టు 24 - 1974 ఆగష్టు 24: రాష్ట్రపతి